అరికాళ్ల మంటంతా షుగర్ ఖాతాలోనేనా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ రోజుకు 2,000 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. గ్యాస్ కోసం నాలుగేళ్లుగా రోజూ పరగడుపున ఇంకో మాత్ర. మాంసం, చేపలు, గుడ్లు ముట్టరు. షుగర్ ఎప్పుడూ పెద్దగా అదుపు తప్పింది లేదు, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఈసారి 7.1. అయినా ఏడాదిగా అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. ఈమధ్య చేతివేళ్ల చివర్లు కూడా మొద్దుబారుతున్నాయంటున్నారు. చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియడం లేదు. చీకట్లో నడవాలంటే నా చెయ్యి పట్టుకుంటున్నారు. "షుగర్ నరాల మీదికి వచ్చింది, ఇక అంతే" అన్నారు చూసినవాళ్లు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దిగా పోతోందని కూడా చెప్పారు. మా అంతట మేమే బీ12 పరీక్ష చేయిస్తే 172 వచ్చింది. హిమోగ్లోబిన్ మాత్రం 13.6 ఉంది. ఆ రిపోర్టు చూశాక, తెలిసినవాళ్లు చెప్పిన బీకాంప్లెక్స్ మాత్రలు రెండు రకాలు నెల రోజులుగా వేస్తున్నాం. ఇది షుగర్ వల్ల వచ్చిందా, విటమిన్ లోపం వల్లా? మెట్‌ఫార్మిన్ మానేయమంటారా? బీ విటమిన్లన్నీ గట్టి మోతాదులో ఇస్తే నరాలకూ కిడ్నీలకూ మంచిదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన మాట ఒకటుంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదన్నది. మంట ఒక సంగతి, ఇది ఇంకో సంగతి. మంట, పోటు సన్న నరాలు పంపే కబుర్లు. కాలు ఎక్కడ ఆనింది, వేలు ఎటు వంగింది, కింద అదురుతోందా లేదా అన్నవి లావు నరాలూ, వెన్నుపాము వెనకభాగంలో మెదడు దాకా సాగే తంతువులూ మోసుకెళ్లే కబుర్లు. షుగర్ ఈ రెండు రకాలనూ దెబ్బతీయగలదు. మామూలుగా కాలివేళ్ల కొసల్లో మొదలై, మేజోడు తొడిగినట్టు ఏళ్ల తరబడి నెమ్మదిగా పైకి పాకుతుంది. బీ12 లోపం నరాలనూ వదలదు, వెన్నుపాములోని ఆ తంతువుల మీద మరీ పగబడుతుంది.

ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు నేను ముందు చేసేది చిన్న పరీక్ష. 128 ఫ్రీక్వెన్సీ ట్యూనింగ్ ఫోర్కును అరచేతికి కొట్టి, దాని కాడను కాలి బొటనవేలి గోటి మొదట్లో, ఎముక మీద ఆనిస్తాను. కళ్లు మూసుకుని, అదురు ఆగిపోగానే చెప్పమంటాను. "ఆగింది" అంటారు పెద్దాయన. అదే క్షణంలో ఆ ఫోర్కును తీసి పక్కనున్న కూతురి వేలి కణుపు మీద పెడితే, అది ఇంకా జుమ్మంటూనే ఉంటుంది. ఆ తర్వాత రెండు పాదాలూ దగ్గర పెట్టి నిలబడమని, నేను చేతులు అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకోమంటాను. కళ్లు తెరిచి ఉన్నంతసేపు స్తంభంలా నిలబడ్డ మనిషి, మూయగానే పక్కకు ఒరిగిపోతారు. మీ నాన్నగారు చీకట్లో మీ చెయ్యి వెతుక్కుంటున్నారంటే ఇదే జరుగుతోందని నా అనుమానం. ఆయన పాదాలతో నడవడం లేదమ్మా, కళ్లతో నడుస్తున్నారు.

చాలా ఏళ్ల కింద ఒక పెద్దాయన విషయంలో నేనూ పొరబడ్డాను. పదిహేనేళ్ల షుగర్, కాళ్ల తిమ్మిర్లు. ఇంకేం ఆలోచించకుండా షుగర్ నరాల జబ్బని రాసి, మంట తగ్గే మాత్ర ఇచ్చి పంపాను. ఆర్నెల్ల తర్వాత నుదుటి మీద కుట్లతో వచ్చారు. సబ్బు పెట్టుకుని, కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటూ వాష్‌బేసిన్ మీదికి తూలిపడ్డారట. అప్పుడు చేయిస్తే బీ12 తొంభై దగ్గర ఉంది. చికిత్సతో నడక చాలావరకు కుదుటపడింది కానీ పాదాల మొద్దుదనం పూర్తిగా పోలేదు. ఆ ఆర్నెల్లు నేను తిరిగివ్వలేనివి. అందుకే "షుగర్ కదా, అంతే" అన్న మాట వింటే ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. రెండూ కలిసి ఉండొచ్చు. ఎంత వాటా దేనిదో ఎవరూ గీత గీసి చెప్పలేరు. అయితే షుగర్ మరీ చెడిపోకుండానే ఏడాదిలోనే ఇంత ముదరడం, కాళ్లు ఇంకా మోకాళ్ల దాకా మొద్దుబారకముందే చేతివేళ్లకూ రావడం, మంటకు మించి తూలు ఉండటం, ఇవన్నీ బీ12 వైపు వేలు చూపిస్తున్నాయి. నాలుక నున్నగా, ఎర్రగా మారి మండుతోందా, మతిమరుపు పెరిగిందా, ఊరికే దిగులుగా ఉంటున్నారా గమనించండి. అసలు మాట, ఈ రెండింటిలో షుగర్ చేసిన నష్టాన్ని వెనక్కి తిప్పడం కష్టం, బీ12 లోపాన్ని పూడ్చడం మన చేతిలో పని. చేతిలో ఉన్నదాన్ని ముందు చేయాలి.

172 అంటే, మిల్లీలీటరుకు పికోగ్రాముల లెక్కలో, లోపమే. చాలా ల్యాబులు 200 కన్నా తక్కువను లోపంగానే చూస్తాయి. 200కూ 300కూ మధ్య వస్తే అటూ ఇటూ కాని స్థితి. అప్పుడు మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ అనే, బీ12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థాల పరీక్షలు సాయపడతాయి, కిడ్నీ పని తగ్గినవారిలో మాత్రం ఆ రెండూ వాటంతటవే పెరుగుతాయి కాబట్టి జాగ్రత్తగా చదువుకోవాలి. మీ నాన్నగారికి 172తో పాటు లక్షణాలూ ఉన్నాయి. ఇంకా పరీక్షలంటూ చికిత్స ఆలస్యం చేయాల్సిన అవసరం లేదు.

హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అని నిశ్చింత పడొద్దు. బీ12 లోపం నరాలను తినేస్తున్నా రక్తం నిక్షేపంగా కనిపించే మనుషులు చాలామంది ఉంటారు. పైగా మీరు వేస్తున్న బీకాంప్లెక్స్‌లో ఫోలిక్ యాసిడ్ ఉండొచ్చు. 1940లలో ఫోలిక్ యాసిడ్ కొత్తగా చేతికొచ్చినప్పుడు, బీ12 అందక రక్తహీనత వచ్చినవారికి దాన్నే ఇచ్చి చూశారు. రక్తం చక్కబడింది, నరాలు మాత్రం క్షీణిస్తూనే పోయాయి. బీ12 తగినంత ఇవ్వకుండా ఫోలిక్ యాసిడ్ పోస్తే ఇల్లు కాలుతుంటే పొగ మాత్రం కనపడకుండా చేసినట్టే.

ఇంత లోపం ఎలా వచ్చిందంటే, మీ నాన్నగారి విషయంలో గోరుచుట్టు మీద రోకలిపోటు లాగా మూడు కారణాలు కలిశాయి. బీ12 మన ఒంట్లోకి చేరే దారి పెద్దది. ఆహారంలో అది ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం దాన్ని విడదీయాలి. తర్వాత జీర్ణకోశం గోడల్లోంచి ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దాని చెయ్యి పట్టుకుని చిన్నపేగు చిట్టచివరి దాకా నడిపించాలి. అక్కడ క్యాల్షియం సాయంతో పేగు గోడ ఆ జంటను లోపలికి తీసుకుంటుంది. మెట్‌ఫార్మిన్ అడ్డం పడేది ఈ ఆఖరి మెట్టు దగ్గర, ఆ క్యాల్షియం పని సాగనివ్వకపోవడం వల్లనే అని ఎక్కువమంది నమ్మే వివరణ. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అంటే మొదటి మెట్టు విరిగింది. ఇక బీ12 సహజంగా ఉండేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే. మాంసం, చేపలు, గుడ్లు తిననివారికి పాలూ పాల పదార్థాలే దిక్కు. అంటే దారి మొదట్లోనే సరుకు తక్కువ.

పన్నెండేళ్లు ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు అని అడగొచ్చు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బీ12 సుమారు 2.4 మైక్రోగ్రాములే. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, 2 నుంచి 5 మిల్లీగ్రాముల నిల్వ ఉంటుంది. అంటే రోజువారీ అవసరానికి సుమారు ఎనిమిది వందల నుంచి రెండు వేల రెట్లు. రావడం తగ్గినా ఆ గాదె ఏళ్ల తరబడి ఆదుకుంటుంది. ఖాళీ అయ్యేదాకా బయటికి ఏమీ తెలియదు, ఖాళీ అయ్యాక చకచకా తెలుస్తుంది.

మెట్‌ఫార్మిన్ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1970ల నుంచీ వైద్య పత్రికల్లో వస్తూనే ఉంది. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఇన్సులిన్ వాడే 390 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మెట్‌ఫార్మిన్, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి నాలుగేళ్లకు పైగా చూశారు. మెట్‌ఫార్మిన్ గుంపులో బీ12 సగటున 19 శాతం తక్కువైంది, వాడే కొద్దీ ఇంకా తగ్గుతూ వచ్చింది. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని మెట్‌ఫార్మిన్‌తో తరచుగా వచ్చే దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది. పది మందిలో ఒకరి దాకా రావచ్చని లెక్క. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా మెట్‌ఫార్మిన్ వాడేవారికి, అందులోనూ రక్తహీనతో నరాల బాధో ఉన్నవారికి, అప్పుడప్పుడూ బీ12 చూడమంటోంది. ఒక్క రక్తపరీక్ష. అది చేయించకుండా ఏళ్లకేళ్లు గడిచిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీరు ఎవరూ చెప్పకుండానే చేయించారు, మంచి పని చేశారు.

అయినా సరే, మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు. అది ఆపితే షుగర్ పెరుగుతుంది, పెరిగిన షుగర్ అవే నరాలను ఇంకోవైపు నుంచి కొరుకుతుంది. మందు నడుస్తుండగానే బీ12ను పైనుంచి నింపుకోవచ్చు, అదేమీ కష్టం కాదు. మెట్‌ఫార్మిన్ మోతాదు మార్చాలా అన్నది తేల్చేది కిడ్నీ లెక్క, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే అంకె. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఆ మందు వాడకూడదు, 30కీ 45కీ మధ్య ఉంటే మోతాదు తగ్గిస్తారు. మీరు ఆల్బుమిన్ గురించి రాశారు కానీ ఈ అంకె రాయలేదు. రిపోర్టుల్లో వెతకండి, లేకపోతే దాన్ని లెక్కగట్టడానికి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. గ్యాస్ మాత్ర విషయం కూడా ఈసారి డాక్టరుగారితో గట్టిగా మాట్లాడండి. నాలుగేళ్ల కింద మొదలుపెట్టిన మాత్ర ఇవాళ ఇంకా కావాలా? ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం ఎగదన్నుతుంది కాబట్టి ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

నింపడం ఎలా? మామూలు బీకాంప్లెక్స్ మాత్రలో ఉండే కొద్ది మైక్రోగ్రాములు ఇక్కడ చాలవు. దారిలో రెండు మెట్లు పాడైన మనిషికి అందులోంచి చేరేది ఇంకెంత! నోటి ద్వారానే ఇవ్వాలంటే 1,000 మైక్రోగ్రాముల మాత్ర కావాలి. ఎందుకంటే ఆ సహాయ ప్రోటీన్ లేకపోయినా వందలో ఒక వంతు దానంతటదే పేగులోంచి ఇంకుతుంది. 1,000లో ఒక శాతమంటే 10 మైక్రోగ్రాములు, రోజు అవసరానికి నాలుగు రెట్లు. లోపం స్వల్పంగా ఉన్నవారికి ఇది హాయిగా సరిపోతుంది. నరాల లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మాత్రం నేను ఇంజెక్షన్లతోనే మొదలుపెడతాను. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత నెలకో రెండు మూడు నెలలకో ఒకటి. ఎన్ని, ఎప్పుడెప్పుడు అన్నది ఆయన్ని పరీక్ష చేసే డాక్టరుగారు నిర్ణయిస్తారు. మెట్‌ఫార్మిన్ సాగినంత కాలం ఏదో ఒక రూపంలో బీ12 కూడా సాగాల్సిందే. అంకె మామూలుకు రాగానే మానేసి, రెండేళ్లకు మళ్లీ మొదటికొచ్చినవాళ్లను చూశాను.

ఫలితం కోసం తొందరపడొద్దు. రక్తం వారాల్లో స్పందిస్తుంది. నరాలకు నెలలు పడుతుంది, ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. ఎంత ముందు పట్టుకుంటే అంత ఎక్కువ తిరిగొస్తుంది. ఏడాది నాటి సమస్య కాబట్టి నాకు ఆశ ఉంది, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను.

ఇక మీ మూడో ప్రశ్న. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టింది అదే. బీ విటమిన్లన్నిటినీ పేరు ఒకటే కదా అని ఒక్క గాటన కట్టేస్తాం. నిజానికి ఒక్కోదాని పని వేరు, ఒక్కోదాని ప్రమాదం వేరు.

మీరు వేస్తున్న రెండు రకాల మాత్రల పట్టీలూ ఇప్పుడే తీసి వెనక వైపు చూడండి. పిరిడాక్సిన్ అని ఉంటుంది, అదే బీ6. దాని పక్కనున్న అంకెలు రెండూ కలపండి, రోజుకు ఎన్ని వేస్తే అన్నిసార్లు. నరాల బలానికని అమ్మే మాత్రల్లో ఇది ఎక్కువ మోతాదులో ఉండటం మామూలే. బీ6 అతిగా పోతే ఏమవుతుందో తెలుసా? కాళ్లు చేతులు మొద్దుబారతాయి, నడకలో తూలు వస్తుంది. ఏ బాధ తగ్గాలని వేసుకుంటామో ఆ బాధే. 1983లో అమెరికాలో రోజుకు గ్రాముల కొద్దీ బీ6 మింగిన ఏడుగురు అడుగు సరిగ్గా వేయలేని స్థితికి వచ్చిన వైనం వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాతి కాలంలో అంతకన్నా చాలా తక్కువ మోతాదులు నెలలు, ఏళ్లు వాడినవారిలోనూ కనిపించింది. అమెరికా లెక్కలో పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మిల్లీగ్రాములకే కుదించింది. మందు మందుకు తోడైతే బలం అనుకోకండి, ఆ రెండింటిలో ఒకటి ఈ రోజే ఆపించండి. రెండోది కూడా ఉండాలా లేదా అన్నది పట్టీ చూపించి డాక్టరుగారినే అడగండి.

కిడ్నీల కోసం గట్టి మోతాదు అన్న ఆలోచన ఇంకా ప్రమాదం. అదేదో ఊహించి చెబుతున్న మాట కాదు. కెనడాలో షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 238 మందిపై అధ్యయనం చేసి 2010లో ఫలితాలు చెప్పారు. సగం మందికి రోజూ ఫోలిక్ యాసిడ్ 2.5, బీ6 25, బీ12 1 మిల్లీగ్రాము చొప్పున ఇచ్చారు. రక్తంలో హోమోసిస్టీన్ తగ్గితే రక్తనాళాలకు మేలని అప్పటి ఆశ. హోమోసిస్టీన్ తగ్గింది. కానీ మూడేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కిడ్నీ వడపోత సగటున 10.7 పాయింట్లు పడిపోతే, విటమిన్లు వేసుకున్నవారిది 16.5 పడిపోయింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి కూడా విటమిన్ల గుంపులోనే సుమారు రెట్టింపు. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది.

ఇది చదివి బీ12 ఇంజెక్షన్‌కు భయపడకండి. ఆ అధ్యయనంలో లోపం ఉందా లేదా అన్నదానితో పని లేకుండా మూడింటినీ ఏళ్ల తరబడి కుమ్మరించారు. లోపం రుజువైన ఒక్కదాన్ని పూడ్చడం వేరు. ఆ నష్టానికి అక్కడ వాడిన సయనోకోబాలమిన్ అనే బీ12 రూపమే కారణమేమో, దాన్ని దెబ్బతిన్న కిడ్నీలు సరిగా వదిలించుకోలేకపోయాయేమో అని అనుమానించినవాళ్లు ఉన్నారు. అందుకని కిడ్నీ ఇబ్బంది ఉన్నవారికి నేను మిథైల్‌కోబాలమినో హైడ్రాక్సోకోబాలమినో ఎంచుకుంటాను. మీ డాక్టరుగారికి ఈ మాట గుర్తుచేయడంలో తప్పు లేదు.

బీ1, అంటే థయమిన్, కథ మాత్రం నాకు ఎంతో ఆసక్తి కలిగించేది. 2007లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు షుగర్ ఉన్నవారి రక్తపు ప్లాస్మాలో థయమిన్ 75 శాతం దాకా తక్కువగా ఉండటం చూశారు. తిండిలో లోటు వల్ల కాదు, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదిలేస్తున్నాయి. టైప్ 2 వారిలో మామూలు మనుషుల కన్నా 16 రెట్లు, టైప్ 1లో 24 రెట్లు ఎక్కువగా. ఎర్రకణాల్లో చేసే పాత పరీక్షలో అంతా సరిగ్గానే కనిపించడంతో అన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాత మూత్రంలో ఆల్బుమిన్ పోతున్న 40 మందితో చేసిన ఒక ప్రయత్నంలో, రోజుకు 300 మిల్లీగ్రాముల థయమిన్‌తో మూడు నెలల్లో ఆ ఆల్బుమిన్ తగ్గింది. ఆశ పుట్టించే సంగతే. కానీ 40 మంది, మూడు నెలలు. కిడ్నీ చెడిపోకుండా ఆపుతుందని చెప్పడానికి అది చాలదు. ఆల్బుమిన్‌కు ఇవాళ నిరూపితమైన మందులు వేరే ఉన్నాయి, బీపీ అదుపు ఉంది. వాటిని పక్కనబెట్టి థయమిన్‌ను నమ్ముకోవద్దు. వాటితో పాటు మీ డాక్టరుగారు రాస్తే నాకు అభ్యంతరం లేదు, పెద్దగా హాని చేసే విటమిన్ కాదది.

మిగిలిన వాటి గురించి రెండు ముక్కలు. బీ3, అంటే నియాసిన్, పెద్ద మోతాదులో షుగర్‌ను పెంచుతుంది. జుట్టు కోసమని వాడే బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను తప్పుదోవ పట్టించగలదు. రక్తం ఇచ్చే ముందు ఏమేం వేసుకుంటున్నారో ల్యాబులో తప్పక చెప్పండి. థైరాయిడ్ అన్నాను కాబట్టి, అది తగ్గినా కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ పరీక్షా ఒకసారి చేయించండి.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు బీ12 రిపోర్టు, రెండు మాత్రల పట్టీలు, కిడ్నీ రిపోర్టులు, మెట్‌ఫార్మిన్ ఎప్పట్నించి వాడుతున్నారో రాసిన కాగితం పట్టుకెళ్లండి. కళ్లు మూసి నిలబెట్టి చూడమని, బొటనవేళ్ల మీద అదురు పరీక్ష చేయమని మర్యాదగానే అడగండి. చెప్పు సంగతి, చీకటి సంగతి ఆయన నోటితోనే చెప్పించండి. పెద్దవాళ్లు ఇంట్లో చెప్పుకునేవి అక్కడ చెప్పరు. వారం రోజుల్లోపే వెళ్లండి. నడక ఇంకా చెడినా, మూత్రం ఆపుకోవడం కష్టమైనా అంతకాలం కూడా ఆగొద్దు.

ఈలోగా ఇంట్లో మీరు చేయాల్సినవి ఉన్నాయి. రోజూ రాత్రి ఆయన పాదాలు మీ ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులతో సహా చూడండి. గుచ్చుకున్నా, బొబ్బ లేచినా ఆయనకు తెలియదు, మీ కళ్లే చూసిపెట్టాలి. కట్టు లేని చెప్పులు మార్పించి, మడమ పట్టి ఉంచేవి తొడిగించండి. మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకో గట్టుకో ఆనించి ఉంచమనండి. ఇంకొకటి, మంచం నుంచి బాత్రూమ్ దాకా ఆయన నడిచే దారిలో రాత్రంతా ఒక చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి. నేల ఎక్కడుందో పాదాలు చెప్పలేని ఈ కొన్ని నెలలూ ఆయనకు కళ్లే ఆధారం.